రాని సైతాను కోసం ఎనిమిది శుక్రవారాలు

2021 జనవరి 15 నుంచి మార్చి 5 దాకా, ఎనిమిది శుక్రవారాలపాటు నేను ఒక నోటుపుస్తకం నింపాను. డిస్నీ ప్లస్‌లో అప్పుడు వస్తున్న, మార్వెల్ కామిక్స్ పాత్రలతో తీసిన 'వాండావిజన్' సిరీస్ చూస్తూ, నాకు అనుమానం కలిగించిన ప్రతి వస్తువునూ, ప్రతి మాటనూ, గోడకు తగిలించిన ప్రతి పటాన్నీ అందులో రాసుకొన్నాను. ఈమధ్య అలమర సర్దుతుంటే ఆ పుస్తకం మళ్ళీ చేతికి దొరికింది. తిరగేస్తే సగానికి పైగా పేజీల్లో ఒకే పేరు కనిపించింది: మెఫిస్టో, ఆ కామిక్స్‌లోని సైతాను. ఆ పేరుగల పాత్ర ఆ సిరీస్ మొత్తంలో ఒక్క క్షణం కూడా తెరమీదికి రాదు.

ఆ రోజుల్లో నాలాగే ఊహాగానాలు చేసిన అభిమానులను చూసి తరువాత చాలామంది నవ్వారు. లేనిపోని అర్థాలు వెతికారనీ, తాడును చూసి పామనుకొన్నారనీ అన్నారు. మరికొందరు తప్పంతా రచయితలదేననీ, ఊరించి ఊరించి చివరికి చేతులెత్తేశారనీ కోప్పడ్డారు. ఈ రెండు తీర్పులూ నాకు చాలవనిపిస్తుంది. మా చేతిలోని ఆధారాలు చాలామటుకు సరైనవే. అవి వేలుపెట్టి చూపించిన మనిషి వైపు చూడడానికి మాకు మనసొప్పలేదు. ఆ మనిషి స్థానంలో నిలబెట్టడానికి మాకొక సైతాను కావలసివచ్చాడు. నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకొన్నది ఇదే. సిరీస్ ఇంకా చూడనివారు, చూడాలనుకొనేవారు ఇక్కడితో ఆగిపోవడం మంచిది, ఎందుకంటే ముడి విప్పకుండా ఈ మాట చెప్పడం సాధ్యం కాదు.

కథ ఇది. ప్రేమించిన విజన్ అనే కృత్రిమ మానవుడు తన కళ్ళముందే చనిపోయిన తరువాత, మంత్రశక్తులున్న వాండా న్యూజెర్సీలోని వెస్ట్‌వ్యూ అనే చిన్న ఊళ్ళో, ప్రాణంతో ఉన్న విజన్‌తోనే కాపురం చేస్తూ కనిపిస్తుంది. ఆ కాపురం పాత అమెరికన్ టీవీ హాస్య ధారావాహికలా ఉంటుంది. మొదటి ఎపిసోడ్ 1950ల నాటి తీరులో నలుపు తెలుపుల్లో, ఎదురుగా ప్రేక్షకులను కూర్చోబెట్టుకొని చిత్రీకరించినది. తరువాతివి ఇంచుమించు ఒక్కో దశాబ్దం చొప్పున ముందుకు జరుగుతూ వస్తాయి. ఊరి చుట్టూ ఆరు పలకల శక్తి వలయం ఒకటి బిగిసి ఉంటుంది. లోపల చిక్కుకొన్నవారు 3,892 మంది. ఇదంతా చేస్తున్నది ఎవరన్నది అందరం వేసుకొన్న ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు మొదటి ఎపిసోడ్ భోజనాల బల్ల దగ్గరే ఉంది. విజన్ పై అధికారి మిస్టర్ హార్ట్, ఆయన భార్య రాత్రి భోజనానికి వస్తారు. మీరు ఎక్కడినుంచి వచ్చారు, పెళ్ళెప్పుడయింది, ఇక్కడికెందుకు వచ్చారు అని హార్ట్ గుచ్చి గుచ్చి అడుగుతాడు. భార్యాభర్తలిద్దరికీ జవాబు తెలియదు. ఆయన బల్ల గుద్ది గద్దిస్తుండగా గొంతుకు ముద్ద అడ్డం పడుతుంది. అంతవరకూ ప్రతి మాటకూ వినిపించిన ప్రేక్షకుల నవ్వు చప్పున ఆగిపోతుంది. దూరంగా, కదలకుండా ఉన్న కెమెరా ముఖాల దగ్గరికి జరుగుతుంది. మిసెస్ హార్ట్ కుర్చీలోంచి లేవదు. ముఖం మీద చిరునవ్వు చెరగకుండానే, ఇక ఆపు, ఆపు అని అంటూ ఉంటుంది. మొదట ఆ మాట భర్తతో, ఆటపట్టిస్తున్నట్టు అంటున్నదనుకొంటాం. నాలుగైదుసార్లు అనేసరికి ఆమె చూపు వాండా మీదికి తిరిగి ఉంటుంది, గొంతు వేడుకోలుగా మారి ఉంటుంది. అప్పుడు వాండా మెల్లగా, విజన్‌ను పేరుపెట్టి పిలిచి, ఆయనకు సాయం చేయమంటుంది. ఆమె చెప్పాకే విజన్ కదులుతాడు.

చేస్తున్నదెవరో, ఆపగలిగినదెవరో, వేడుకొంటున్నదెవరో ఆ ఒక్క నిమిషంలో తేటతెల్లంగా ఉంది. నా నోటుపుస్తకంలో ఆ నిమిషానికి దక్కినది ఒక్క వాక్యం. దాని పక్కనే అదే ఎపిసోడ్‌లోని క్యాలెండరు గురించి రెండు పేజీలు రాశాను. వంటింటి క్యాలెండరులో ఆగస్టు 23 మీద హృదయం బొమ్మ గీసి ఉంటుంది. అదేమిటో వాండాకూ విజన్‌కూ గుర్తుండదు. హార్ట్ దంపతులు వస్తున్నారని గుర్తుపెట్టుకోవడానికి వేసుకొన్న సంకేతమది, అంటే పేరుమీద ఆడిన చిన్న చమత్కారం, అంతే. నేను మాత్రం 8, 23 అనే అంకెలు పట్టుకొని ఏ కామిక్ ఏ సంచికకు సరిపోతాయో లెక్కలు కడుతూ అర్ధరాత్రి దాకా కూర్చొన్నాను. అలా కూర్చొన్నందుకు ఇప్పుడు సిగ్గుపడను, సరదాగానే గడిచింది. కాని ఊపిరాడని మనిషిని వదిలి ఆయన పేరులోని అక్షరాల లెక్కలో పడ్డానన్నది మాత్రం నిజం.

ఆ తరువాత సిరీస్ ఏమీ దాచలేదు. రెండో ఎపిసోడ్ చివర వీధిలోని మ్యాన్‌హోల్‌లోంచి తేనెటీగలు పట్టేవాడి దుస్తుల్లో ఒక మనిషి పైకి వస్తే, వాండా వద్దు అంటుంది, కాలం వెనక్కి తిరుగుతుంది. జనవరి 29న వచ్చిన నాలుగో ఎపిసోడ్‌లో, వలయంలోంచి బయటికి విసిరివేయబడిన మోనికా రాంబో, ఆ ఊరి సంగతి తేల్చడానికి వచ్చి లోపల చిక్కుకొన్న అధికారి, నేలమీద పడి ఉండి, అంతా వాండాయే చేస్తున్నదని స్పష్టంగా చెబుతుంది. తొమ్మిది ఎపిసోడ్లలో నాలుగోది! ప్రత్యక్ష సాక్షి వాంగ్మూలం ఇచ్చాక కూడా, ఆమె అలా అనుకొంటున్నది గాని వెనక ఇంకెవరో ఉన్నారు అని మేము తీర్మానించాం. ఐదో ఎపిసోడ్‌లో విజన్ తనతో పనిచేసే నార్మ్ తలను తాకి మనసుకు వేసిన తాళం తీస్తే, ఆ మనిషి ఒక్కసారిగా వణికిపోతూ చెల్లెలికి ఫోను చేయాలంటాడు, తండ్రి జబ్బుగా ఉన్నాడంటాడు, ఆమెను ఆపమని ప్రాధేయపడతాడు. ఆ రాత్రి, వాండా పక్కింటావిడ ఆగ్నెస్‌ను అనుమానిస్తూ నేను రాసుకొన్నది ఇలా ఉంది: 'ఆమె అంటే ఆగ్నెస్ కావచ్చు. లేదా ఆగ్నెస్‌ను ఆడిస్తున్నవాడు.' సర్వనామం మీద ఇంత వ్యాకరణ చర్చ నేను బడిలో కూడా చేయలేదు.

మరి మెఫిస్టో ఎక్కడినుంచి వచ్చాడు? గాల్లోంచి రాలేదు. కామిక్స్‌లో వాండాకూ విజన్‌కూ కవలపిల్లలు పుట్టే కథ 1985-86లో వచ్చింది. 1989లో జాన్ బర్న్ రాసిన 'వెస్ట్ కోస్ట్ అవెంజర్స్' సంచికల్లో, ఆ పిల్లల ఆత్మలు నిజానికి మెఫిస్టో అనే సైతానులోంచి ఊడిపడిన ముక్కలని తేలుతుంది. సిరీస్‌లో కవలలు పుట్టగానే కామిక్స్ చదివినవారికి ఈ కథ గుర్తుకు రాకుండా ఉండదు. దానికి తోడు రెండో ఎపిసోడ్‌లోనే ఒకావిడ సైతాను ప్రస్తావన ఉన్న సామెత ఒకటి వాడితే, ఆగ్నెస్ అతడుండేది అక్కడొక్కచోటే కాదని చురక వేస్తుంది. ఆగ్నెస్ ఎప్పుడూ తన మొగుడు రాల్ఫ్ గురించి చెబుతుంది, ఆ రాల్ఫ్ మాత్రం కనిపించడు. కనిపించని మొగుడు సైతానేనని మేము తేల్చేశాం. ఆగ్నెస్ అనే పేరు కామిక్స్‌లోని మంత్రగత్తె అగాథా హార్క్‌నెస్ పేరులోంచి మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలూ, చివరి 'ness'లోని మొదటి మూడు అక్షరాలూ తీసి కూర్చినదని చాలామంది ముందే పట్టుకొన్నారు, అది అక్షరాలా నిజమైంది కూడా. అంటే, తెరవెలుపలి జ్ఞానంతో చేసిన ఊహలన్నీ పనికిమాలినవని చెప్పడానికి లేదు. ఒకటి నెగ్గింది కాబట్టే మిగిలినవాటి మీద అంత నమ్మకం కుదిరింది.

నేను చాలా ఆలస్యంగా గమనించిన సంగతి ఇంకొకటి ఉంది. వాండా మీది నేరాన్ని ఇంకొకరి ఖాతాలో వేయడం కామిక్స్ లోకానికి పాత అలవాటే. 2005లో వచ్చిన 'హౌస్ ఆఫ్ ఎం' కథలో ఆమె లోకాన్నే తిరగరాస్తుంది, చివర ఒక్క మాటతో మ్యూటెంట్లలో, అంటే పుట్టుకతోనే అసాధారణ శక్తులున్నవారిలో, అత్యధికుల శక్తులను తుడిచివేస్తుంది. అంత పెద్ద పనిని ఆమె తల మీద శాశ్వతంగా ఉంచడం ఆ లోకానికి భారమైంది. 2010-12 మధ్య వచ్చిన 'చిల్డ్రన్స్ క్రూసేడ్'లో ఆ శక్తి ఆమెను ఆవహించడం వెనక డాక్టర్ డూమ్ అనే ప్రతినాయకుడి హస్తం ఉన్నదని చెప్పి, బరువులో పెద్ద వాటా అతని భుజం మీదికి మార్చారు. అభిమానులకు ఆ మార్పు ఊరటనిచ్చింది. మనం జాలిపడే మనిషి, మనం సహించలేని పని చేస్తే, ఆ రెంటినీ ఒకే శరీరంలో ఉంచి చూడడం కష్టం. మధ్యలో ఒక దుష్టశక్తిని దూర్చితే జాలి చెక్కుచెదరదు, తీర్పు చెప్పే పనీ తప్పుతుంది. మెఫిస్టోను ఊహించినవారు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు, తమ ముందు తరం కథకులు చూపించిన దారినే నడిచారు.

సిరీస్ తీసినవారికి ఇందులో బాధ్యత లేదా అంటే, తప్పకుండా ఉంది. ఐదో ఎపిసోడ్‌లోనే వాండా వలయంలోంచి తానే బయటికి వచ్చి, తన జోలికి రావద్దని సైనికుల ఎదుట నిలబడి హెచ్చరిస్తుంది. అంతకంటే పెద్ద ఒప్పుకోలు ఏముంటుంది? అదే ఎపిసోడ్ చివర తలుపు తడితే గుమ్మంలో ఆమె చనిపోయిన సోదరుడు పియెట్రో నిలబడి ఉంటాడు, కాని ఆ వేషంలో ఉన్న నటుడు ఇవాన్ పీటర్స్. ఫాక్స్ సంస్థ తీసిన ఎక్స్-మెన్ చిత్రాల్లో 2014 నుంచి ఆ పాత్రను పోలిన పాత్ర వేసినవాడు. ఆ సంస్థ వినోద వ్యాపారంలో అధిక భాగాన్ని డిస్నీ 2019 మార్చిలో కొనేసింది. ఇక చెప్పేదేముంది, రెండు సినిమా ప్రపంచాలు కలిసిపోతున్నాయని మేమంతా ఎగిరి గంతేశాం. నా పుస్తకంలో నార్మ్‌కు పావు పేజీ, ఇవాన్ పీటర్స్‌కు ఆరు పేజీలు. చివరికి ఆ మనిషి ఎవరంటే, అగాథా తన గుప్పిట్లో పెట్టుకొన్న ఒక మామూలు పౌరుడు, రాల్ఫ్. సొంత ఇంట్లోనే బందీ అయినవాడు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు కలిగినది మోసపోయానన్న కోపం. పాపం అనిపించడానికి చాలాకాలం పట్టింది. సిరీస్ కూడా అతని ఇంటిపేరు మీద ఒక మొరటు జోకు వేసి ముందుకు సాగిపోయింది గనుక, ఈ విషయంలో మేమూ వారూ సరిసమానమే.

ఏడో ఎపిసోడ్ ముగింపును ఇంకా తీవ్రంగా తప్పుపడతాను. ఫిబ్రవరి 19న వచ్చిన ఆ భాగంలో ఆగ్నెస్ ముసుగు తీసి, ఇంతకాలమూ అన్నీ చేసినది తానేనని హుషారైన పాట రూపంలో ప్రకటిస్తుంది. పాట చాలా బాగుంటుంది, నేనూ వారం రోజులు కూనిరాగం తీశాను. కాని ఆ పాట అబద్ధం. అగాథా చేసినవి కుక్కను చంపడం, నకిలీ సోదరుణ్ణి పంపడం వంటి చిల్లర పనులు. ఊరిని బంధించినది ఆమె కాదు. తరువాతి ఎపిసోడ్ ఆ సంగతి ఒప్పుకొంటుంది కూడా, ఎందుకంటే అగాథాయే వాండాను నిలదీసి, ఇంత మంత్రశక్తి నీకెలా వచ్చిందని విచారణ జరుపుతుంది. అయినా ఒక వారంపాటు కోట్లమందికి కావలసిన తీపి జవాబు చేతిలో పెట్టి, వారం తరువాత దాన్ని మెల్లగా లాక్కొన్నారు. వారానికొక ఎపిసోడ్ వేయడంలోని బలం, ప్రమాదం రెండూ ఇవే. ఆ ఏడు రోజుల ఖాళీలో మనం అల్లుకొన్నది మనకు చూపించినదానికంటే గట్టిగా అతుక్కుపోతుంది.

ఎవరన్న ప్రశ్నతో నడిచే సిరీస్‌లన్నీ ఇలా కావని కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 7న మొదలైన 'ది ఫ్లాష్' అనే సూపర్‌హీరో సిరీస్ తొలి ఎపిసోడ్ చివర, చక్రాల కుర్చీలో ఉండే శాస్త్రవేత్త హారిసన్ వెల్స్ లేచి నిలబడి, రహస్య గదిలోకి నడిచి, 2024 నాటి దినపత్రిక చదువుతాడు. ఆ సీజన్ అంతా అతడెవరని ఊహించడం హాయైన ఆట. ఊహ నెగ్గినా ఓడినా ఎవరి బాధనూ మనం పక్కకు నెట్టినట్టు కాదు, ఎందుకంటే ముసుగు వెనక నిజంగానే ఇంకొక మనిషి ఉన్నాడు. వాండావిజన్‌లో ముసుగే లేదు. ఉన్న ముఖాన్నే ముసుగనుకొని పీకడానికి ప్రయత్నించాం.

ఈ తేడా నాకు తెలిసినది నా తెలివితో కాదు. ఎనిమిదో ఎపిసోడ్ మా చెల్లెలితో కలిసి చూశాను. ఆమెకు కామిక్స్ తెలియవు, మెఫిస్టో అంటే మందు పేరా అని అడిగిన మనిషి. అందులో ఒకచోట వాండా ఒంటరిగా కారు నడుపుకొంటూ వెస్ట్‌వ్యూకు వస్తుంది. పునాదులు మాత్రమే వేసి వదిలేసిన ఒక ఖాళీ స్థలం మధ్య నిలబడి, చేతిలోని దస్తావేజు విప్పుతుంది. విజన్ బతికుండగా వారిద్దరి కోసం కొన్న స్థలమది. కాగితం మీద ఆ స్థలం చుట్టూ ఎర్ర సిరాతో హృదయం బొమ్మ, లోపల ఇద్దరం ఇక్కడే ముసలివాళ్ళమవుదామన్న అర్థం వచ్చే చేతిరాత, కింద విజన్ పేరులోని తొలి అక్షరం. నేను రిమోట్ అందుకొని బొమ్మను ఆపాను. స్థలం నంబరు చదువుదామని తెర దగ్గరికి వెళ్ళి కళ్ళు చికిలించాను. మళ్ళీ నడిపితే వాండా మోకాళ్ళ మీద కూలబడి, ఆమెలోంచి ఆ ఊరంతా పుట్టుకొచ్చింది.

"అన్నయ్యా, అది క్యాలెండరు మీది బొమ్మే కదా," అంది చెల్లెలు.

"ఏ బొమ్మ?"

"మొదటి రోజు వంటింట్లో ఉన్నది. ఆ హృదయం ఎందుకు గీశారో ఇద్దరికీ గుర్తు లేదన్నారు కదా. ఆవిడకు గుర్తే ఉందన్నమాట."

రెండు పేజీలు రాసిన నాకు తట్టని పోలిక అది. తీసినవారు అలా ఉద్దేశించారో లేదో నేను చెప్పలేను, ఉద్దేశించకపోయినా అది మంచి ఊహే. సిరీస్‌లో ఉన్న రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ఉన్న మనిషిని చూసిన ఊహ. నేను 23 అనే అంకెను పట్టుకొని ఎక్కడెక్కడో తిరిగాను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అంటారు, అక్షరాలా అదే చేశాను.

ముగింపు ఎపిసోడ్ దగ్గర నా ఫిర్యాదు చాలామంది అభిమానుల ఫిర్యాదుకు పూర్తిగా వ్యతిరేకం. వారు మెఫిస్టో రాలేదని బాధపడ్డారు. నాకు, మెఫిస్టో లేకుండానే వాండాను దాదాపు వదిలేశారనిపించింది. అగాథా మంత్రంతో ఊరివారికి కాసేపు తెలివి వస్తుంది. డాటీ అనే ఆడంబరపు పొరుగావిడ, నిజానికి సారా అనే తల్లి, వాండా ముందు నిలబడి తన కూతురికి ఎనిమిదేళ్ళనీ, ఆ పిల్లకు కథలో ఏదో ఒక వేషం ఇమ్మనీ, గదిలోంచి బయటికి రానిస్తే చాలనీ బతిమాలుతుంది. నిద్రపోతే నీ పీడకలలే మాకు వస్తున్నాయని ఇంకొకరు చెబుతారు. సిరీస్ మొత్తంలో అత్యంత భయంకరమైన నిమిషాలివి, వీటిలో ఏ సైతానూ లేడు. ఇంతటిది చూపించాక, వీధిలో నిలబడి చూస్తున్న ఊరివారి మధ్యనుంచి వాండా నడిచిపోతుంటే, నీవు వీరికోసం ఏం త్యాగం చేశావో వీరికెన్నటికీ తెలియదని మోనికా చేత ఓదార్పించారు. ఇదేమి లెక్క? దోచుకొన్నది తిరిగి ఇచ్చినవారిని దాత అన్నట్టుంది. సిరీస్ ముఖ్య రచయిత్రి జాక్ షేఫర్, ఆమె రచయితల బృందం అంతవరకూ ఎంత ధైర్యంగా నడిపారో ఆ ఒక్క వాక్యం దగ్గర అంతగా తడబడ్డారని నా అభిప్రాయం. అంటే తప్పును పక్కకు నెట్టాలన్న తహతహ మా ఒక్కరిదే కాదన్నమాట.

ఆ తహతహ తరువాత కూడా ఆగలేదు. 2022లో వచ్చిన డాక్టర్ స్ట్రేంజ్ రెండో చిత్రంలో వాండా హంతకురాలిగా కనిపించేసరికి, ఇది ఆమె కాదు, డార్క్‌హోల్డ్ అనే మంత్రగ్రంథం ఆమె చేత చేయిస్తున్నదని అభిమానులు సర్దిచెప్పుకొన్నారు. చిత్రం కూడా ఆ వీలు కల్పించింది. సైతాను దొరకని చోట పుస్తకం దొరికింది. అసలు మెఫిస్టో మటుకు 2025లో, 'ఐరన్‌హార్ట్' అనే మార్వెల్ సిరీస్ ముగింపులో, నటుడు శాషా బారన్ కోహెన్ రూపంలో తాపీగా వచ్చాడు. వాండాతో ఏ సంబంధమూ లేని కథలో.

జాక్ షేఫర్ మళ్ళీ ఇదే లోకంలోకి 2024 సెప్టెంబరులో 'అగాథా ఆల్ ఎలాంగ్' తీసుకొచ్చింది. ఈసారి నోటుపుస్తకం పెట్టుకోలేదు, ఫోనులో రాసుకొన్నాను, మనిషి మారాడనడానికి అంతకంటే సాక్ష్యం లేదు. అగాథా ఒక మాయదారిలో తనతో ప్రయాణించడానికి మంత్రగత్తెలను పోగుచేయాలి. జోస్యం చెప్పే లీలియా ఇచ్చిన జాబితాలో చివరన పేరుకు బదులు నల్లని హృదయం బొమ్మ ఉంటుంది. అది అగాథా పాత శత్రువూ ప్రేయసీ అయిన రియో గుర్తు. అగాథా ఆమెను తప్పించుకోవడానికి, హృదయమంటే హార్ట్ అని పేరును పట్టుకొని, వెస్ట్‌వ్యూలో పూలమొక్కలు పెంచుకొనే మిసెస్ హార్ట్‌ను వెంటబెట్టుకొని పోతుంది. మొదటి సిరీస్‌లో భోజనాల బల్ల దగ్గర ఆపమని వేడుకొన్న ఆవిడే. ఆమె అసలు పేరు వేరే ఉంది, అగాథా మాత్రం పదేపదే మిసెస్ హార్ట్ అనే పిలుస్తుంది. మూడో ఎపిసోడ్‌లో విషం కలిసిన వైను తాగి ఆవిడ చనిపోతుంది. ఆవిడ చనిపోయిన ఆ దారి ఎవరు సృష్టించినది అన్నది సిరీస్ చివరికి గాని తెలియదు: వాండా కొడుకు, తనకే తెలియకుండా.

నల్లని హృదయమంటే రియోయేనని నేను రెండో ఎపిసోడ్ అయిన రాత్రే ఫోనులో రాసుకొన్నాను, పక్కన మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి. ఊహ నిజమైన రోజు ఆ స్క్రీన్‌షాట్ చెల్లెలికి పంపాను. కాసేపటికి ఆమె ఫోను చేసింది.

"సరే గాని, ఆ చనిపోయిన పెద్దావిడ అసలు పేరేమిటి అన్నయ్యా?"

"మిసెస్ హార్ట్," అన్నాను. తరువాత వెతికి చూస్తే షారన్ అని ఉంది.